మే ఐ కమిన్ సార్

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పదో తరగతి బ్యాచ్ అంతా కలిశాం. ఇవి ఎలా జరుగుతాయో మీకు తెలిసిందే. ఫంక్షన్ హాలు, గేటు దగ్గర ఫ్లెక్సీ, అందరికీ ఒకే రంగు టీషర్టులు, సార్లకు శాలువాలు, పోయిన ఇద్దరు సార్ల ఫోటోలకు దండలు. భోజనాలకు ముందు ‘పాత జ్ఞాపకాలు’ అని ఒక గంట పెట్టారు. బ్యాచ్ మొత్తంలో ‘రాసేవాణ్ణి’ నేనొక్కణ్ణే కాబట్టి మైకు ముందు నాకే ఇచ్చారు. నేనొక కథ చెప్పాను.

నాలుగో తరగతి. పల్నాడులో ఒక చిన్న టౌను, అందులో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు. క్లాసులో తెలుగు మాట్లాడినవాడి మెడలో ఒక అట్ట వేలాడదీసేవాళ్ళు. తర్వాత ఎవడు తెలుగులో దొరికితే అట్ట వాడి మెడకు మారేది. సాయంత్రం బెల్లు కొట్టేసరికి ఎవడి మెడలో ఉంటే వాడు మర్నాడు రూపాయి తెచ్చి కట్టాలి. ఆ ఏడే పల్లెటూరి బళ్ళోంచి వచ్చి చేరినవాడొకడు మాతో ఉండేవాడు. వాడికి ఇంగ్లీషులో పూర్తిగా వచ్చిన వాక్యం ఒక్కటే: మే ఐ కమిన్ సార్. ఒకరోజు లెక్కల పీరియడ్ మధ్యలో వాడు లేచి నిలబడి చిటికెన వేలు చూపించాడు. సార్ ‘ఇంగ్లీష్’ అన్నారు. వాడు కాసేపు ఆలోచించి, ‘మే ఐ కమిన్ సార్’ అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. సార్ కూడా నవ్వి, ‘యూ ఆర్ ఆల్రెడీ ఇన్’ అన్నారు. వాడు మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా, ‘మే ఐ కమిన్ సార్’. మూడోసారి అనేలోపు నిక్కరు తడిసిపోయింది. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా వాడి పేరు కమిన్.

హాలు దద్దరిల్లింది. సార్లు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కమిన్ స్టేజి మీదకొచ్చి నన్ను కావిలించుకున్నాడు. ఇప్పుడు వాడికి మోటార్లు రీవైండింగ్ చేసే షాపుంది, ఇద్దరు ఆడపిల్లలు. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట పక్కకొచ్చి, ‘బాగా చెప్పావురా. ఒక్క ముక్క వదిలేశావు’ అన్నాడు. ఆ ముక్కేంటో కూడా చెప్పి, కర్చీఫుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అదేంటో తర్వాత చెప్తాను. దాని పుణ్యమా అని చిన్నప్పటి కబుర్ల పుస్తకాలన్నీ బయటికి తీసి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాదు. పగలంతా వేరేవాళ్ళు రాసిన కోడ్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. అందుకేనేమో పుస్తకంలో కూడా ముందు చూసేది ఒకటే: ఇక్కడ ఏ లైను తీసేశారు?

తెలుగులో చిన్నప్పటి అల్లరి మీద నవ్వు అనగానే ఎవరైనా ‘బుడుగు’ దగ్గర మొదలుపెడతారు. ముళ్ళపూడి వెంకటరమణ 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో రాసిన ఈ కబుర్లు బాపు బొమ్మలతో సహా మనకు కంఠతా వచ్చేశాయి. మాలాంటి వాళ్ళు చిన్నప్పటి సంగతి నాలుగు లైన్లు రాయబోతే కలం దానంతటదే బుడుగు యాసలోకి జారిపోతుంది. ఆ గడుసు అమాయకత్వం, ఆ సాగదీత, పెద్దవాళ్ళ మాటల్ని తప్పుగా పలికి ఒప్పు చేసేయడం, అన్నీ వచ్చేస్తాయి. వెబ్ పత్రికల్లో, ఆదివారం అనుబంధాల్లో వచ్చే బాల్యం కబుర్లలో సగం బుడుగుకి మనవలు. నేనూ నాలుగైదు రాశాను.

ఈసారి చదివినప్పుడు తట్టింది ఇది. బుడుగు ఎక్కడా సిగ్గుపడడు. ‘బుడుగు’లో ఇబ్బంది పడేదంతా పెద్దవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు మారే ప్రైవేటు మాష్టర్లు, రెండుజెళ్ళ సీతతో మాట్లాడుతూ దొరికిపోయే బాబాయి, పక్కింటి లావుపాటి పిన్నిగారి మొగుడు, వీళ్ళంతా వాడి ముందు తేలిపోతుంటారు. వాడికి మాత్రం తను ఏదో తప్పు చేశానన్న ఊహే లేదు. దెబ్బలు పడొచ్చు, అవమానం మాత్రం వాణ్ణి అంటదు. అంటే మనం ఇన్నాళ్ళూ ‘మన చిన్నతనం’ అనుకుని చదువుతున్నది సిగ్గు అనేది ఇంకా పుట్టని పిల్లవాడి కథ. మన బడి కథలేమో సరిగ్గా సిగ్గు పుట్టిన రోజు కథలు. ఈ రెండింటినీ ఒకే గొంతుతో చెప్పబోతే ఏదో ఒకటి అబద్ధమవుతుంది.

రెండో సంగతి ఇంకొంచెం సాంకేతికం. బుడుగు జ్ఞాపకం చెప్పడంలేదు. ఇప్పుడు, ఇక్కడ, మన ఎదురుగా కూర్చుని వాగుతున్నాడు. వెనక్కి తిరిగి చూసే ముప్పై అయిదేళ్ళ బుడుగు ఆ పుస్తకంలో ఎక్కడా లేడు. కాబట్టి దాచడానికి వాడి దగ్గర ఏమీ లేదు. మనం మాత్రం ఉద్యోగాలు చేసుకుంటూ, ఈఎంఐలు కట్టుకుంటూ, జరిగిందేంటో పూర్తిగా తెలిసి, తెలియనట్టు పిల్లవాడి గొంతు పెట్టుకుంటాం. అక్కడే నాలాంటి వాడికి కత్తెర దొరుకుతుంది.

‘సీగానపెసూనాంబ’ సంగతే తీసుకోండి. శ్రీజ్ఞానప్రసూనాంబ అనే గంభీరమైన పేరు పిల్లవాడి నోట పడి అలా అయింది. తప్పుగా పలికాడు. దానికి పుస్తకంలో వాణ్ణి ఎవరూ బెంచీ ఎక్కించలేదు. పైగా లోకమే వాడి తప్పుని అందుకుంది. డెబ్భై ఏళ్ళుగా తెలుగువాళ్ళందరికీ ఆ అమ్మాయి పేరు అదే. మా క్లాసులో కూడా ఒకడు ఒక మాట తప్పుగా వాడాడు, అదీ పేరుగానే స్థిరపడింది. ఎవరి మీద పడింది అన్నదే తేడా. ముళ్ళపూడి పుస్తకంలో తప్పు పలికినవాడి చేతిలోనే కథ ఉంది. మా హాల్లో మైకు నా చేతిలో ఉంది.

బుడుగుకి ఇంకో సౌకర్యం ఉంది. వాడికి బామ్మ ఉంది, బాబాయి ఉన్నాడు, తిట్టినా మురిపెంగా తిట్టే అమ్మానాన్నా ఉన్నారు. ఏం చేసినా వెనక్కి వచ్చి దాక్కునే ఇల్లుంది. ఇంత నిండు ఇల్లు రాసిన మనిషి చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నాడని, మద్రాసులో గడవని రోజులు చూశాడని ‘కోతికొమ్మచ్చి’ చదివినప్పుడు తెలిసి కాసేపు పుస్తకం మూసేశాను. ఆ ఆత్మకథలోనూ ఆయన నవ్విస్తూనే ఉంటాడు. కానీ అక్కడి నవ్వు వేరు. లేమి ఎంతుందో ముందు చెప్పి, తర్వాత నవ్విస్తాడు. మనం ‘బుడుగు’ని అనుకరించినంతగా ‘కోతికొమ్మచ్చి’ని అనుకరించం. కష్టం కదా.

సిగ్గు పుట్టిన తర్వాతి పిల్లవాడు తెలుగులో లేకపోలేదు. మహమ్మద్ ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కతలు’ 1999లో పుస్తకంగా వచ్చింది. కావలి, అక్కడొక ముస్లిం కుటుంబం, ఇంట్లో ఒక భాష, వీధిలో నెల్లూరు తెలుగు. ఈ కథలు చదివి నవ్వనివాణ్ణి నేను చూడలేదు. మొదటిసారి చదివినప్పుడు హాస్టల్లో పక్క మంచం వాణ్ణి లేపి మరీ వినిపించాను. ఇప్పుడు చదివితే ఆ నవ్వు పని చేసే తీరు కనిపించింది. ఈ పిల్లవాడికి అన్నీ తెలుసు. ఇంట్లో డబ్బుందో లేదో తెలుసు. అమ్మ ఎప్పుడు కొడుతుందో, ఎందుకు కొడుతుందో తెలుసు. తన ఇల్లు మిగతా పిల్లల ఇళ్ళలా ఉండదని తెలుసు. ఇవన్నీ తెలిసినవాడు చెబుతున్నాడు కాబట్టి నవ్వు మధ్యలో ఎక్కడో గొంతులో అడ్డం పడుతుంది. అంతలోనే తర్వాతి వాక్యం వచ్చి మళ్ళీ నవ్విస్తుంది. ముఖ్యంగా అతను తన వాళ్ళని వేదిక మీదకి తోసి తను పక్కన నిలబడడు. నవ్వులపాలయ్యేవాళ్ళలో ముందు వరసలో తనే ఉంటాడు.

ఈ దారి వేసింది నామిని అని అందరూ అంటారు, నేను కూడా అంటాను. ‘పచ్చనాకు సాక్షిగా’ రాసిన ఆయనే తర్వాత ‘చదువులా? చావులా?’ రాశాడని, పిల్లల భాషలో ఆల్జీబ్రా చెప్పడానికి కూర్చున్నాడని గుర్తుచేసుకుంటే ఒకటి అర్థమవుతుంది. బడి మీద అంత నవ్వు నవ్వించినవాడికి ఆ నవ్వు సరిపోలేదు. లెక్క రాని పిల్లవాడి మీద జోకు వేయడం తేలిక. వాడికి లెక్క వచ్చేలా చెప్పడం కోసం ఒక పుస్తకం రాయడం ఏ హాస్య రచయిత పనీ కాదు. ఆయన చేశాడు.

ఆడపిల్లల సంగతి ఇక్కడ ఒక్క మాట. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ని బుడుగు పక్కన పెట్టి పొగడటం అలవాటు. ఆ పొగడ్త నాకు సగమే నచ్చుతుంది. ఇల్లేరమ్మ చురుకు నిజంగా బుడుగుకి తీసిపోదు. కానీ మా రీయూనియన్లో ఆ గంటసేపట్లో మైకు పట్టుకున్న పదిమందిలో ఒక్క అమ్మాయీ తన బడి అవమానం చెప్పలేదు. ఇద్దరు పాట పాడారు, ఒకామె సార్లకు కృతజ్ఞతలు చెప్పింది. యూనిఫామ్ మీద మరకతో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా బెంచీ మీంచి లేవకుండా కూర్చున్న రోజు గురించి నవ్వుతూ చెప్పడానికి మనం ఇంకా ఏ గొంతూ తయారుచేయలేదు. చెప్పినా ఆ హాలు నవ్వి ఉండేది కాదు, తలలు దించుకునేది. అబ్బాయి తడిసిన నిక్కరు ఎందుకు హాస్యమైంది, ఇది ఎందుకు కాలేదు? నాకు తెలిసిన జవాబు పెద్ద గొప్పగా లేదు. మైకులు మా దగ్గరుంటాయి కాబట్టి.

పక్క తడపడం గురించి ప్రపంచంలో అందరికంటే నిర్దాక్షిణ్యంగా రాసినవాడు, నేను చదివినంతలో, జార్జ్ ఆర్వెల్. ‘సచ్, సచ్ వర్ ద జాయ్స్’ అనే పెద్ద వ్యాసం. ఆయన చనిపోయాక 1952లో అమెరికాలో అచ్చయింది. పరువునష్టం భయంతో ఇంగ్లండులో 1968 దాకా బయటికి రాలేదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు బోర్డింగ్ స్కూల్లో చేరిన కొత్తలో పక్క తడుపుతాడు. హెడ్మాస్టర్ భార్య వాణ్ణి పిలిచి, గుర్రపు స్వారీ బట్టల్లో ఉన్న ఒక దొరసాని ఎదుట, మళ్ళీ ఇలా చేస్తే సిక్స్‌త్ ఫామ్ చేత కొట్టిస్తానంటుంది. సిక్స్‌త్ ఫామ్ అంటే పెద్ద క్లాసు పిల్లలు. కొత్తవాడికి ఆ మాట తెలీదు. వాడి చెవికి అది ‘మిసెస్ ఫామ్’ అని వినపడుతుంది. ఎదురుగా ఉన్న దొరసానే ఆ మిసెస్ ఫామ్ అనీ, ఆమే తనని కొడుతుందనీ అనుకుంటాడు.

ఇది అచ్చంగా సీగానపెసూనాంబ లాంటిదే. పిల్లల చెవి చేసే తప్పు. ఆర్వెల్ నవ్వు ఆపుకోమని మనల్ని అడగడు. అక్కడ నవ్వొస్తుంది. కానీ కథ అక్కడ ఆగదు. చివరికి హెడ్మాస్టరే గుర్రపు చర్నాకోలతో కొడతాడు. బయటికొచ్చిన పిల్లవాడు తోటివాళ్ళ దగ్గర, నొప్పే పుట్టలేదు అని గొప్పకి పోతాడు. అది హెడ్మాస్టర్ భార్య వింటుంది. మళ్ళీ లోపలికి. ఈసారి చర్నాకోల విరిగేదాకా. అప్పుడు ఏడుస్తాడు. నొప్పికి కాదట, ఎంత ప్రయత్నించినా మంచిగా ఉండటం సాధ్యం కాని లోకంలో వచ్చి పడ్డానన్న దిగులుకి.

మనలాంటి వాళ్ళం రాస్తే ‘మిసెస్ ఫామ్’ దగ్గర కథ ముగించి లైకులు తీసుకునేవాళ్ళం. ఆర్వెల్ గొప్పంతా ఆ తర్వాతి రెండు పేజీల్లో ఉంది. అలాగని ఆయన్ని పూర్తిగా నమ్మి నెత్తిన పెట్టుకోవాలని కూడా అనను. ఆ స్కూల్లో చదివిన మరికొందరు దాన్ని వేరేగా గుర్తుంచుకున్నారు, ఆయన కోపం కొన్నిచోట్ల పెద్దవాడి కోపం. నాకు ఎక్కువ పట్టింది ఇంకోటి. తను పుచ్చుకున్న దెబ్బలతో పాటు, తను భయపడి తల వంచిన రోజుల్ని కూడా ఆయన లెక్కలో రాశాడు.

మారుపేర్ల సంగతికొస్తే, ఆర్.కె. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లో స్వామికి తోక అని పేరు పెట్టేది శత్రువులెవరూ కాదు. కొత్తగా వచ్చిన రాజంతో తిరుగుతున్నాడని పాత స్నేహితులే పెడతారు, నల్లబల్ల మీదకి కూడా ఎక్కుతుంది ఆ మాట. 1935 నాటి నవల. దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ చూసి మురిసిపోయిన మన అన్నయ్యల తరానికి ఆ సంగీతం గుర్తుంటుంది, ఈ తోక గుర్తుండదు. నారాయణ్ ఆ ఘట్టాన్ని చాలా మెత్తగా రాశాడు. మెత్తదనం వల్లే కాబోలు పెట్టినవాళ్ళ మీద మనకు కోపం రాదు. ఆ పుస్తకం మీద నాకున్న ఇష్టంలో ఇదొక చిన్న ఫిర్యాదు. పేరు పెట్టించుకున్నవాడి కడుపులో ఏం జరిగిందో నారాయణ్ చెప్పాడు. పెట్టినవాడి కడుపులో ఏం జరిగిందో చెప్పే పుస్తకం కోసం నేను ఇంకా వెతుకుతున్నాను.

ఇక చేతులు కడుక్కునే చోట కమిన్ చెప్పిన ముక్క.

‘అట్ట ముందు నీ మెడలో ఉంది కదరా ఆ రోజు.’

అంతే అన్నాడు. ఉంది. పొద్దున ప్రేయర్ అయిన దగ్గర్నుంచి అట్ట నా మెడలోనే ఉంది. నాన్నని రూపాయి అడగాలంటే నాకు భయం, అప్పటికే ఆ వారంలో రెండుసార్లు అడిగాను. లెక్కల పీరియడ్‌లో పక్కన కూర్చున్న వాడు నా చెవి దగ్గరకొచ్చి, ‘ఒంటేలుకి పోవాలంటే ఏమనాల్రా?’ అని గుసగుసగా అడిగాడు. నాకు ఆ వాక్యం వచ్చు. క్లాసులో అందరికంటే బాగా వచ్చు. నేను లేచి నిలబడి, ‘సార్, హీ ఈజ్ స్పీకింగ్ తెలుగు సార్’ అన్నాను. అట్ట వాడి మెడకు మారింది. వాడు మళ్ళీ ఎవర్నీ ఏమీ అడగలేదు. కొంతసేపటికి చిటికెన వేలు చూపిస్తూ లేచాడు.

నేను మర్చిపోయానని మీరనుకోవద్దు. ఈ కథని హాస్టల్లో, ఆఫీసులో, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ దగ్గర, కనీసం పాతికసార్లు చెప్పి ఉంటాను. ప్రతిసారీ వాడు లేచి నిలబడటంతోనే మొదలుపెట్టాను. అట్ట సంగతి కూడా చెప్పేవాణ్ణి, మీకు కూడా చెప్పాను, స్కూలు ఎంత ఘోరమో తెలియాలి కదా. అది ఆ రోజు ఎవరి మెడలోంచి ఎవరి మెడకు వెళ్ళిందో ఒక్కటే చెప్పలేదు. ఆ ముక్క పెడితే కథ నవ్వించదు. తీసేస్తే బ్రహ్మాండంగా నవ్విస్తుంది. రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్క లైనే.

ఈ మధ్య దీన్ని మళ్ళీ రాయాలని కూర్చున్నాను, అట్ట నా మెడలో ఉండటంతో మొదలుపెట్టి. నాలుగుసార్లు రాశాను. మొదటిది ఖదీర్ బాబు గొంతులోకి పోయింది. రెండోది మరీ నన్ను నేను తిట్టుకునే పాపపు ఒప్పుకోలులా తయారైంది, అదీ ఒక రకం గొప్పలు పోవడమే అని మా ఆవిడ అంది. మూడోది, నాలుగోది ‘మే ఐ కమిన్ సార్’ దాకా రాగానే ఆగిపోయాయి. ఎంత కాదనుకున్నా ఆ వాక్యం దగ్గర నాకు నవ్వొస్తోంది. ముందు జరిగింది తెలిసి కూడా వస్తోంది. ఆర్వెల్‌కి మిసెస్ ఫామ్ రాస్తున్నప్పుడు వచ్చిందా? వచ్చే ఉంటుందనుకుంటాను, రాకపోతే ఆ మాటని అంత సరిగ్గా అక్కడ పెట్టలేడు.

ఈ వ్యాసం పంపేముందు కమిన్‌కి ఫోన్ చేసి ఇలా రాస్తున్నానని చెప్పాను. షాపులో మోటారు ఏదో తిరుగుతున్న చప్పుడు. ‘రాసుకోరా’ అన్నాడు. పేరు మార్చి రాస్తానన్నాను.

‘వేరే పేరెందుకు, కమిన్ అనే రాయి. ఇక్కడ మావాళ్ళకెవరికీ తెలీదా పేరు’ అని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. తర్వాత కస్టమర్ ఎవరో వచ్చినట్టున్నారు, పెట్టేశాడు.